ఆమెన్ లేని అనంతం

ఇంగ్లీషు పుస్తకాల కేటలాగులో ‘వరల్డ్ వితౌట్ ఎండ్’ అని వెతికి చూడండి. పధ్నాలుగో శతాబ్దపు ప్లేగు చుట్టూ తిరిగే వెయ్యి పేజీల నవల కనబడుతుంది. దాని పక్కనే మొదటి ప్రపంచ యుద్ధంలో భర్తను పోగొట్టుకున్న ఒకావిడ జ్ఞాపకాలు ఉంటాయి. స్టార్ ట్రెక్ నవల ఒకటి, కామిక్స్ ఒకటి, వాతావరణ మార్పు మీద బొమ్మల పుస్తకం ఒకటి వరస కడతాయి. సినిమాల వైపు వెళితే 1956 నాటి అంతరిక్ష సాహసం, దానికి మూడేళ్ళ ముందు యునెస్కో తీయించిన డాక్యుమెంటరీ. పాటల్లో అయితే ద మైటీ లెమన్ డ్రాప్స్ అనే ఇంగ్లండు రాక్ బృందం 1988లో తెచ్చిన ఆల్బమ్. ఒకరి పేరు చూసి ఇంకొకరు పెట్టుకున్న దాఖలా ఏమీ కనబడదు. అందరూ ఒకే బావిలో చేద వేశారు, అంతే.

నేను చర్చికి వెళ్ళే ఇంట్లో పెరగలేదు. ఈ మాట నాకు మొదట కనబడింది నవల అట్ట మీదే. అది ప్రార్థనలోదని తెలిసింది చాలా తర్వాత. అందుకే కాబోలు, భక్తులకు రాని ఒక అనుమానం నాకు మొదట్లోనే వచ్చింది: అంతం లేదని చెప్పే మాటను తీసుకుని వీళ్ళలో ఇంచుమించు అందరూ అంతం గురించే ఎందుకు చెప్పారు? ప్లేగు, అణుయుద్ధం, భర్త చావు, వేడెక్కుతున్న భూమి. పేరు ఒకవైపు లాగుతుంటే కథ ఇంకోవైపు లాగుతోంది. కొందరు దీన్ని అజ్ఞానం అంటారు, ఇంకొందరు అపచారం అంటారు. నాకు రెండూ కాదనిపిస్తుంది. ఆ మాటకు గుడి బయట దొరికిన అసలైన పని ఇదేనని నా వాదన. కాకపోతే ఆ పనిని అందరూ ఒకే నిజాయితీతో చేయించలేదు. ఆ తేడా కోసమే ఈ వ్యాసం.

*

ఇది బైబిల్లో మాట అని అందరూ అంటారు. నిజమే, 1611 నాటి ఇంగ్లీషు అనువాదం కింగ్ జేమ్స్ బైబిల్లో రెండు చోట్ల ఉంది. యెషయా గ్రంథం 45వ అధ్యాయం 17వ వచనంలో ఒకసారి, పౌలు ఎఫెసీయులకు రాసిన పత్రిక 3వ అధ్యాయం 21వ వచనంలో ఒకసారి. అంత పెద్ద గ్రంథంలో రెండంటే రెండుసార్లు. అలా తగిలీ తగలకుండా పోయే మాట శతాబ్దాల పాటు జనం నాలుక మీద నిలవదు. దాన్ని అక్కడ నిలబెట్టింది ప్రార్థన పుస్తకం.

1549లో ఆర్చిబిషప్ థామస్ క్రాన్మర్ ఆధ్వర్యంలో ఇంగ్లండు చర్చికి తొలి ఇంగ్లీషు ప్రార్థన పుస్తకం వచ్చింది. పేరు బుక్ ఆఫ్ కామన్ ప్రేయర్. అంతవరకూ లాటిన్‌లో చదువుతూ వచ్చిన గ్లోరియా పాత్రి అనే చిన్న స్తుతి అందులోకి ఇంగ్లీషు వేషంలో వచ్చింది. తండ్రికీ కుమారుడికీ పరిశుద్ధాత్మకూ మహిమ కలగాలి, అది ఆదిలో ఎలా ఉందో ఇప్పుడూ అలాగే, ఎల్లప్పుడూ అలాగే. చివర లాటిన్‌లో ‘ఇన్ సెక్యులా సెక్యులోరమ్’ అని ఉంటుంది, అంటే యుగయుగాలకు. ఇంగ్లీషులో అక్కడ ‘వరల్డ్ వితౌట్ ఎండ్’ అని వచ్చి కూర్చుంది. వెంటనే ఆమెన్. ఇంతా కలిపి రెండు వాక్యాలు లేవు.

పొట్టిదే గానీ, తప్పించుకోవడానికి వీల్లేనిది. ఆ పుస్తకం ప్రకారం కీర్తనలు మొత్తం 150నీ నెలకొకసారి చదివి ముగించాలి, ప్రతి కీర్తన చివరా ఈ స్తుతి పలకాలి. 119వ కీర్తన మరీ పొడుగు కాబట్టి దాన్ని 22 ముక్కలు చేశారు, ఒక్కో ముక్క చివరా మళ్ళీ ఇదే. లెక్క వేసుకుంటే పొద్దునా సాయంత్రం క్రమం తప్పకుండా ప్రార్థన జరిపే పాదిరి నోట ‘వరల్డ్ వితౌట్ ఎండ్’ అనే మాట నెలకు 170 సార్లు దాటి వస్తుంది. ఆదివారం మాత్రమే వచ్చే రైతుకు కూడా కొన్నిసార్లు తప్పదు. రాకుండా ఇంట్లో కూర్చుందామంటే 1559 నాటి చట్టం ఊరుకోదు, గుడికి రానివాడికి 12 పెన్నీల జరిమానా. చదువు రానివాడికీ దేవుడి మీద పెద్దగా గురి లేనివాడికీ ఈ మాట నోటికి వచ్చేసింది. అర్థం తెలిసి కాదు, లయ తెలిసి.

కింగ్ జేమ్స్ బైబిలు కంటే ప్రార్థనే ముందని చెప్పడానికి నా దగ్గర ఒక సాక్షి ఉన్నాడు. అందరికీ తెలిసినవాడే, షేక్‌స్పియర్. 1598లో అచ్చయిన ‘లవ్స్ లేబర్స్ లాస్ట్’ నాటకం చివర్లో తండ్రి చనిపోయాడన్న కబురు అప్పుడే విన్న రాకుమారిని రాజు అప్పటికప్పుడు మనసిచ్చేయమని అడుగుతాడు. ‘వరల్డ్ వితౌట్ ఎండ్’ బేరం కుదుర్చుకోవడానికి ఈ సమయం బొత్తిగా చాలదు కదా, అంటుందామె. 1609లో వచ్చిన ఆయన సానెట్లలో, అంటే పద్నాలుగు పాదాల కవితల్లో, 57వది ఇంకా గడుసుది. ప్రియుడి కోసం గడియారం చూస్తూ కూర్చున్న మనిషి, ఎంతకీ గడవని ఆ గంటకు ఇదే మాటను విశేషణంగా తగిలిస్తాడు. దేవుడి మహిమకు వాడే మాట, వస్తానని రాని మనిషి కోసం చేసే నిరీక్షణకు! ఈ రెండూ అచ్చయ్యేనాటికి కింగ్ జేమ్స్ బైబిలు ఇంకా బయటికి రాలేదు. కాబట్టి పవిత్ర గ్రంథంలోని మాటను ఈ కాలపు వినోద వ్యాపారం లాక్కుపోయిందని బాధపడేవాళ్ళు తేదీలు చూసుకోవాలి. నాటకాల కొట్టం ఆ మాటతో ఆడుకున్నాక వచ్చింది ఆ అనువాదం.

*

అర్థం సంగతి కొంచెం చెప్పుకోవాలి, లేకపోతే తర్వాతి కథ అందదు. పాత ఇంగ్లీషులో ‘వరల్డ్’ అంటే భూగోళం కాదు, మనిషి కాలం, ఒక యుగం. ఆ రోజుల్లో ఈ మాట విన్నవాడికి తెగని కాలం వినబడేది. కొన్ని శతాబ్దాల్లో ‘వరల్డ్’ నేలకు దిగింది. అదే మాట విన్నవాడికి ఇప్పుడు అంతులేని లోకం కనబడుతుంది, చెట్లూ ఊళ్ళూ సముద్రాలతో సహా. కాలం గురించి చేసిన స్తుతి ఎవరూ మార్చకుండానే స్థలం గురించి ఇచ్చిన హామీగా మారిపోయింది. ఆ హామీని ఏ ప్రవక్తా ఇవ్వలేదు. సరిగ్గా అదే పత్రికల్లో, అదే సువార్తల్లో, ఈ లోకం గతించిపోతుందని స్పష్టంగా రాసుంది.

మన శాసనాల్లో రాజులు అగ్రహారాలు ఇస్తూ ‘ఆచంద్రార్కం’ అని చెక్కించేవారు. చంద్రుడూ సూర్యుడూ ఉన్నంతకాలం అని. ఎంత ఘనంగా చెప్పినా అందులో ఒక మర్యాద ఉంది, గడువు ఎక్కడో ఉందని ఒప్పుకోవడం. ‘వరల్డ్ వితౌట్ ఎండ్’లో ఆ మర్యాద లేదు. లోకం అని చదువుకున్న మరుక్షణం అది పచ్చి అబద్ధమవుతుంది. ఆ అబద్ధమే రచయితలకు పనికొచ్చిందని నేననుకుంటాను.

ఈ మలుపును పట్టుకున్నవాళ్ళలో జేమ్స్ జాయిస్ అందరికంటే తెలివైనవాడు. 1922 నాటి ‘యులిసీజ్’ నవలలో స్టీఫెన్ అనే యువకుడు డబ్లిన్ సముద్రపు ఒడ్డున నడుస్తూ కళ్ళు మూసుకుంటాడు, తను చూడకపోతే లోకం ఉంటుందా మాయమవుతుందా అని పరీక్ష. కళ్ళు తెరిస్తే ఇసుక, గవ్వలు, అన్నీ ఎక్కడివక్కడే. నువ్వు లేకుండానే ఇంతసేపూ ఉంది చూడు అని తనకు తానే చెప్పుకుని, గ్లోరియా పాత్రి తోకను దానికి తగిలిస్తాడు. దేవుడి నిత్యత్వం కాస్తా మనిషి అక్కర్లేని లోకపు నిత్యత్వం అయిపోయింది. స్తుతిలోంచి ఒక చిన్న అవమానం పుట్టింది. తర్వాత వచ్చిన పుస్తకాల పేర్లన్నీ, తెలిసో తెలియకో, ఈ ఒడ్డు మీద నడిచినవే.

*

పేరుగా మారినప్పుడు ఆ మాటకు రెండు నష్టాలు జరిగాయి. ప్రార్థనలో అది చివర వస్తుంది, అంతా చెప్పేశాక. పుస్తకానికి పేరుగా మొదట వస్తుంది, ఏమీ చెప్పకముందే. రెండోది, ఎవరూ ఆమెన్‌ను వెంట తీసుకెళ్ళలేదు. ఆమెన్ అంటే వింటున్నవాళ్ళ ఒప్పుకోలు. దాన్ని కత్తిరించేస్తే మిగిలేది ఒక పెద్ద మాట, దాని ఎదురుగా ఇంకా తలూపని పాఠకుడు. మంచి రచయిత ఆ ఖాళీని వాడుకుంటాడు. కథంతా చెప్పి, ఇప్పుడు చెప్పు, అంటావా అనవా అని నిలదీస్తాడు. తక్కువ రకం రచయితకు ఆ మాటలో గంట మోత ఒక్కటే వినబడుతుంది.

1956 సినిమా ఈ రెండో రకం. ఎడ్వర్డ్ బెర్న్డ్స్ దర్శకుడు. కుజుడి దగ్గర్నుంచి తిరిగొస్తున్న నలుగురు మనుషులు కాలంలో జారి 2508లో పడతారు. అణుయుద్ధం అయిపోయింది. నేల మీద వికృత రూపాలు తిరుగుతుంటాయి, నాగరికులు భూమి కింద దాక్కుని నీరసపడిపోయారు. మన నలుగురూ బజూకా తయారుచేసి సమస్య పరిష్కరిస్తారు. లోకానికి అంతం లేదు, అమెరికన్ వ్యోమగాములు ఉన్నారు గనక. ఇందులో చెప్పుకోదగ్గ విషయం ఏదైనా ఉందంటే కుర్ర రాడ్ టేలర్ నటించడం, నాలుగేళ్ళకే ఆయన ‘ద టైమ్ మెషీన్’లో మళ్ళీ భవిష్యత్తుకు వెళ్ళడం. జో హాల్డ్‌మన్ 1979లో రాసిన స్టార్ ట్రెక్ నవల, 1990లో జేమీ డెలానో, జాన్ హిగ్గిన్స్ డీసీ కంపెనీకి చేసిన కామిక్స్ దీనికంటే మెరుగే. అయినా పేరు అక్కడా తోరణమే. మార్చి ఇంకోటి పెట్టినా కథకు ఏమీ కాదు.

కెన్ ఫాలెట్ సంగతి వేరు, ఆయన దగ్గర కాసేపు కూర్చోవాలి. 1989లో ‘ద పిల్లర్స్ ఆఫ్ ది ఎర్త్’, 2007లో ‘వరల్డ్ వితౌట్ ఎండ్’, 2017లో ‘ఎ కాలమ్ ఆఫ్ ఫైర్’, 2020లో ‘ది ఈవినింగ్ అండ్ ద మార్నింగ్’, 2023లో ‘ది ఆర్మర్ ఆఫ్ లైట్’. కింగ్స్‌బ్రిడ్జ్ అనే కల్పిత పట్టణం చుట్టూ అల్లిన వరస ఇది. పేర్లన్నిటి వెనకా బైబిలే. భూమి స్తంభాలు సమూయేలు మొదటి గ్రంథంలో హన్నా పాటలోవి, అగ్నిస్తంభం నిర్గమకాండంలోది, అస్తమయమూ ఉదయమూ ఆదికాండం మొదటి అధ్యాయానివి, వెలుగు కవచం పౌలు రోమీయులకు రాసినది. తమాషా ఏమిటంటే ఆయన భక్తుడు కాదు. కార్డిఫ్‌లో ప్లిమత్ బ్రదరన్ అనే కఠినమైన క్రైస్తవ శాఖ కుటుంబంలో పుట్టాడు. చిన్నప్పుడు సినిమా లేదు, టీవీ లేదు. పెద్దయ్యాక విశ్వాసాన్ని వదిలేశాడు గానీ, ఆ ఇంట్లో చెవిన పడ్డ భాష ఆయన్ని వదల్లేదు. బైబిలు పేర్లు పెట్టుకునే రచయితల్లో ఇలాంటివాళ్ళు ఎక్కువని నా అనుమానం. నమ్మకం ఉన్నవాడికి ఆ మాటలు ప్రార్థనకు కావాలి, పోగొట్టుకున్నవాడికే శీర్షికలకు మిగులుతాయి.

ఆయన నవల 1327లో మొదలవుతుంది. మధ్యలో 1348 వస్తుంది, దాంతోపాటు ఇంగ్లండులోకి మహామారి వస్తుంది. ఆ దేశంలో మూడో వంతు నుంచి సగం దాకా జనాన్ని మింగిన ప్లేగు అది. ఊళ్ళకు ఊళ్ళు పోతున్నప్పుడు, ఆస్పత్రి నడిపే సన్యాసిని కేరిస్ ముఖానికి గుడ్డ కట్టుకోమంటుంది, చేతులు వెనిగర్‌తో కడుక్కోమంటుంది. మఠంలోని మగవాళ్ళు పాత వైద్య గ్రంథాల్ని పట్టుకుని వేలాడతారు. మరోవైపు మెర్తిన్ అనే మేస్త్రీ కూలిపోయిన వంతెన స్థానంలో రాతి వంతెన కడతాడు, పగుళ్ళిచ్చిన గుడి గోపురాన్ని పునాదుల నుంచి సరిచేస్తాడు. ఈ నవల అనంతం గురించి అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఇది మరమ్మతు గురించి. లోకం తనంతట తాను కొనసాగదు, ఎవడో ఒకడు నీళ్ళలోకి దిగి స్తంభం అడుగున ఏమైందో చూడాలి. ఆ కోణంలో చదివితే పేరు చక్కగా అతుకుతుంది. రాతి గుడి కట్టేవాడు తన జీవితకాలంలో పూర్తికాని పనికే కూలి తీసుకుంటాడు కదా.

అయినా ఫాలెట్ మీద నాకొక ఫిర్యాదు ఉంది. వెయ్యి పేజీల్లో ప్రతి దుర్మార్గుడికీ తగిన శాస్తి, ప్రతి మంచివాడికీ చివరికి ఇంత సుఖం. ప్లేగు అన్ని వేలమందిని చంపినా కథలో న్యాయానికి చావు లేదు. పాఠకుడి చేత ఆమెన్ అనిపించకుండా పుస్తకం మూయడం ఆయనకు చేతకాదు. అందుకే అన్ని ప్రతులు అమ్ముడుపోయాయి, అందుకే 2012లో ఎనిమిది భాగాల టీవీ సీరియల్ అయింది. నేనూ ఆబగా చదివాను, అది దాచను. కానీ పేరు వేసిన ప్రశ్న ఆ పుస్తకంలో ప్రశ్నగా మిగల్లేదు.

*

ఇక్కడ ఇంకో దారిని కూడా చూడాలి. అనంతం గురించి బైబిల్లోనే దీనికి ఎదురు మాట ఉంది. ప్రసంగి గ్రంథం మొదటి అధ్యాయంలో: తరం వెంబడి తరం గతించిపోతుంది, భూమి మాత్రం ఎప్పటికీ నిలిచి ఉంటుంది. ఎవరికీ మహిమ లేదు, స్తుతి లేదు. వాతావరణ నివేదిక చదివినంత పొడిగా ఉంటుంది. ఆ తర్వాతి వచనంలోంచే హెమింగ్వే 1926లో ‘ద సన్ ఆల్సో రైజెస్’ అన్న పేరు తీసుకున్నాడు. భూమి నిలిచి ఉంటుందన్నదే తన పుస్తకంలో అసలు సంగతి అని సంపాదకుడు మాక్స్‌వెల్ పెర్కిన్స్‌కు ఉత్తరం కూడా రాశాడు. కాని లోకం ఆ నవలలో తాగుడునూ ఎద్దుల పోటీలనూ ‘లాస్ట్ జెనరేషన్’ అన్న ముద్రనూ గుర్తుపెట్టుకుంది. భూమిని మర్చిపోయింది.

దాన్ని మర్చిపోనివాడు జార్జ్ ఆర్. స్టూవర్ట్. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు ఆచార్యుడు. 1949లో ఆయన రాసిన ‘ఎర్త్ అబైడ్స్’ పేరు నేరుగా ఆ వచనానిదే. ఇష్ అనే యువకుడు కొండల్లో పాము కాటు తిని, కోలుకుని కిందికి దిగేసరికి ఏదో జబ్బు మనుషుల్ని ఇంచుమించు తుడిచిపెట్టేసి ఉంటుంది. కొన్నాళ్ళ పాటు కరెంటు దీపాలు వెలుగుతాయి, తర్వాత అవీ ఆరిపోతాయి. ఇష్ మిగిలిన కొద్దిమందిని పోగేస్తాడు, బర్కిలీలోని గ్రంథాలయాన్ని ఎలాగైనా కాపాడాలని తాపత్రయపడతాడు. పిల్లలకు చదువు అంటదు. చివరికి ఆయన వాళ్ళకు ఇవ్వగలిగింది విల్లూ బాణం. పుస్తకాలు పోయాయని భూమి ఏడవదు, పైగా కొంచెం పచ్చబడుతుంది.

స్టూవర్ట్ పెట్టిన పేరు నాకు ఫాలెట్ పేరు కంటే ఎక్కువ నచ్చుతుంది. పేరులో ఉన్నదే పుస్తకంలో ఉంది, బుజ్జగింపు లేదు. అయినా అది తేలికైన పని అని కూడా ఒప్పుకోవాలి. ప్రసంగి మాట మొదటి నుంచీ చేదుదే, చేదు కథకు అట్టే సరిపోతుంది. ‘వరల్డ్ వితౌట్ ఎండ్’ను తీసుకున్నవాడి పని కష్టం. పాడి పాడి తియ్యబడిన మాటను చేదు కథ తలుపు మీద రాయాలి, పైగా ఆ రాత వెక్కిరింతగా మిగిలిపోకూడదు.

ఒకేఒక్కచోట వెక్కిరింత బొత్తిగా లేకుండా, ఏ అంతం నీడా లేకుండా ఈ పేరు వాడారు. 1953లో యునెస్కో కోసం పాల్ రోథా, బేసిల్ రైట్ కలిసి తీసిన డాక్యుమెంటరీ అది. రోథా మెక్సికో వెళ్ళి పాట్స్‌క్వారో సరస్సు దగ్గర బెస్తవాళ్ళను తీశాడు. రైట్ థాయ్‌లాండ్ వెళ్ళాడు. అక్కడ ‘యాస్’ అనే రోగం పిల్లల చర్మాన్నీ ఎముకల్నీ తినేస్తుండేది, పెన్సిలిన్ సూదిమందుతో అది మానడం మొదలైన రోజులవి. వేల మైళ్ళ దూరంలోని రెండు ఊళ్ళను ఒకదాని పక్కన ఒకటి అతికించి, లోకానికి సరిహద్దు లేదు అని చెప్పే సినిమా. ఇక్కడ పేరులోని ‘అంతం’ కాలానిది కాదు, దేశానిది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి ఎనిమిదేళ్ళే అయింది. వాళ్ళు ఆ మాటను నమ్మి పెట్టారనిపిస్తుంది. ఇప్పుడు చూస్తే కొంచెం అమాయకంగా ఉంటుంది, నిజమే. కాని ఒక్క సూదితో మానే పుండు ముందు కూర్చుని వ్యంగ్యంగా మాట్లాడటం కూడా గొప్ప తెలివేమీ కాదు.

*

నా వాదనకు రెండు అభ్యంతరాలు వస్తాయని తెలుసు. మొదటిది భక్తులది: దేవుణ్ణి పొగిడే మాటను బజారుకు ఈడ్చారు. షేక్‌స్పియర్ తేదీలు చూపించడంతో దీనికి సగం జవాబు అయిపోయింది. మిగతా సగం ఇది. 1980లో ఇంగ్లండు చర్చి ‘ఆల్టర్నేటివ్ సర్వీస్ బుక్’ అని కొత్త ప్రార్థన పుస్తకం తెచ్చింది. అందులోని గ్లోరియాలో ‘వరల్డ్ వితౌట్ ఎండ్’ లేదు, ‘ఫర్ ఎవర్’ అని తేల్చేశారు. 2000లో వచ్చిన ‘కామన్ వర్షిప్’లోనూ అంతే. పాత పుస్తకం వాడే సాయంకాలపు ప్రార్థనల్లో, జపమాల తిప్పే క్యాథలిక్కుల నోట అది ఇంకా ఉంది గానీ, ఆదివారం మామూలు ఆరాధనకు వెళ్ళే కుర్రవాడికి వినబడకుండా పోవచ్చు. సరిగ్గా ఆ తర్వాతి దశాబ్దాల్లోనే ఆల్బమ్, కామిక్స్, ఫాలెట్ నవల, టీవీ సీరియల్ వచ్చాయి. గుడి కిరాయి మానుకున్న ఇంట్లోకి బజారు దిగింది. ఎవరు ఎవర్ని వెళ్ళగొట్టారు?

రెండో అభ్యంతరం సాహిత్యకారులది, దానికి పదునెక్కువ. సొంతంగా పేరు ఆలోచించుకోలేనివాడు బైబిలు తిరగేస్తాడు, పుస్తకంలో లేని బరువును అట్ట మీదకు అరువు తెచ్చుకుంటాడు అంటారు. చాలా సందర్భాల్లో ఇది నిజం, 1956 సినిమా దగ్గర నేనూ అదే అన్నాను. అరువు తెచ్చుకోవడం తప్పు కాదు, అసలూ వడ్డీ ఎగ్గొట్టడమే తప్పు. ఇప్పుడింకో చిక్కు కూడా వచ్చిపడింది. ఆ ప్రార్థన విననివాళ్ళు ఎక్కువయ్యేకొద్దీ పేరులోని ఆ బరువే తగ్గిపోతుంది. నాలాంటి పాఠకుడికి అది మొదటిసారి ఒక అందమైన అతిశయోక్తిగానే అందింది. ప్రార్థన గురించి తెలిశాకే అందులోని దొంగదెబ్బ తగిలింది.

ఈ బరువు కొత్తగా పుట్టగలదని కూడా ఒక ఉదాహరణ ఉంది. 2021లో ఫ్రాన్సులో ఇంజనీరు జాన్‌మార్క్ జాంకోవిసి, బొమ్మల కథల రచయిత క్రిస్టోఫ్ బ్లెన్ కలిసి ‘ల మోంద్ సాఁ ఫ్యాఁ’ అనే పుస్తకం తెచ్చారు. మరుసటి ఏడాది ఆ దేశంలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడుపోయిన పుస్తకం అదే. బొగ్గూ చమురూ మనకు తొడిగిన లోహపు కవచమే మనం అనుభవిస్తున్న సుఖమంతా అని, ఆ కవచం వాతావరణాన్ని ఎలా పాడుచేస్తోందో బొమ్మలతో విప్పి చెబుతారు. అణు విద్యుత్తు మీద వాళ్ళ మొగ్గు గురించి గొడవలు జరిగాయి, అది వేరే చర్చ. ఫ్రెంచి ప్రార్థనలో ఆ స్థానంలో ‘శతాబ్దాల శతాబ్దాలకు’ అని ఉంటుంది. కాబట్టి ఆ పేరులో ఫ్రెంచివాడికి గుడి గంట వినబడదు, ఎదుగుదలకు హద్దే లేదనుకునే ఆర్థికశాస్త్రం మీద ఎత్తిపొడుపు మాత్రమే వినబడుతుంది. ఇంగ్లీషులోకి ‘వరల్డ్ వితౌట్ ఎండ్’గా వచ్చేసరికి, రచయితలు అడక్కుండానే, ఒక స్తుతి తోడైంది. తరతరాలుగా ఇది ఇలాగే ఉంటుంది, ఇలాగే ఉంటుంది అని పాడుకున్న జనం చేతిలో, ఇలాగే ఉండదు అని లెక్కలు చూపించే పుస్తకం. నాకు తెలిసినంతలో ఈ పేరు అనువాదంలో లాభపడ్డ చోటు ఇదొక్కటే.

*

అందరికంటే గొప్పగా వాడినావిడను చివరికి ఉంచాను. హెలెన్ థామస్. భర్త ఎడ్వర్డ్ థామస్ బతుకుదెరువు కోసం సమీక్షలూ యాత్రా రచనలూ రాసి రాసి అలిసిపోయిన మనిషి. కవిత్వం మొదలుపెట్టింది 1914 చివర్లో. రెండేళ్ళ పైచిలుకు కాలంలో 140కి పైగా కవితలు రాశాడు. తనంతట తానుగా సైన్యంలో చేరి, ఫిరంగి దళంలో అధికారిగా ఫ్రాన్సు వెళ్ళాడు. 1917 ఏప్రిల్ 9న, ఈస్టర్ మర్నాడు, ఆరాస్ యుద్ధం మొదటి రోజునే చనిపోయాడు. వయసు 39. ముగ్గురు పిల్లలు.

ఆ దెబ్బకు హెలెన్ మనసు బాగా కుంగిపోయింది. కోలుకోవడానికని రాయడం మొదలుపెట్టింది. 1926లో మొదటి పుస్తకం వచ్చింది. అందులో ఎడ్వర్డ్ డేవిడ్ అయ్యాడు, తను జెన్నీ అయింది. ప్రేమలో పడటం, ఇద్దరు పడుచువాళ్ళ దేహాలు ఒకరినొకరు కనుక్కోవడం, మొదటి బిడ్డ. ఆ కాలానికి ఆడమనిషి రాయకూడనంత సూటిగా రాసింది. దాని పేరు ‘యాజ్ ఇట్ వాజ్’. 1931లో రెండో పుస్తకం. డబ్బు కటకట, అతని దిగులు, ఆ దిగులు ఆమె మీద విరుచుకుపడిన రోజులు, మళ్ళీ దగ్గరవడం, చివరికి 1917 జనవరిలో మంచు కురుస్తుండగా సెలవు తీసుకోవడం. అతను కనబడనంత దూరం వెళ్ళాక కూడా వాళ్ళిద్దరి మధ్య అలవాటైన ‘కూ...యీ’ అన్న పిలుపు వినబడుతూ ఉంటుంది, ఆమె బదులిస్తూ ఉంటుంది. ఈ రెండో పుస్తకం పేరు ‘వరల్డ్ వితౌట్ ఎండ్’.

రెండు పేర్లనూ పక్కపక్కన పెట్టండి. ‘యాజ్ ఇట్ వాజ్’, ‘వరల్డ్ వితౌట్ ఎండ్’. గ్లోరియా పాత్రిలోని రెండో సగానికి అది తల, ఇది తోక. ఆదిలో ఉన్నట్టే అని ఒకటి మొదలుపెట్టింది, యుగయుగాలకు అని ఇంకోటి ముగించింది. మధ్యలో ఉండాల్సిన ‘ఇప్పుడు’ అనే ముక్క ఏ పుస్తకానికీ పేరు కాలేదు. అది రాస్తున్నావిడ బతుకుతున్న కాలం, అందులో అతను లేడు. ఫాలెట్‌లా ఆమె న్యాయం చెయ్యలేదు, స్టూవర్ట్‌లా మనిషి కంటే భూమే గట్టిదని తేల్చలేదు. దేవుడికి చెందాల్సిన అనంతాన్ని, పెళ్ళాం మీద కోపం తెచ్చుకునే, తెల్లవార్లూ నిద్రపట్టని, సరిగ్గా సంపాదించలేని ఒక మామూలు మగాడికి రాసిచ్చింది. అలా ఇచ్చేటప్పుడు అతని చెడ్డ రోజుల్ని దాచలేదు కాబట్టే నాకు నమ్మబుద్ధేస్తుంది. మిగతా పుస్తకాలన్నిటిలోనూ అంతం బయట నుంచి వస్తుంది, ప్లేగుగానో బాంబుగానో. ఈ పుస్తకంలో అంతం ఎవరికి వచ్చిందో వాళ్ళే ఆ పేరు పెట్టుకున్నారు. ఆమె ఆమెన్ రాయలేదు. మన చేత అనిపించాలని కూడా చూడలేదు.

1988లో ఈ రెండు పుస్తకాల్నీ, ఇంకొన్ని ఉత్తరాల్నీ జ్ఞాపకాల్నీ కలిపి ‘అండర్ స్టార్మ్స్ వింగ్’ అనే ఒకే సంపుటంగా వేశారు. మంచి పనే, లేకపోతే నాకు దొరికేవి కావు. కాని రెండు ముక్కల్నీ ఒకే అట్టలోకి తెచ్చి, ఆ అట్ట మీద మూడో పేరు పెట్టడం మాత్రం నాకు నచ్చలేదు. వేయడం నా చేతిలో ఉంటే అట్ట మీద పైన ‘యాజ్ ఇట్ వాజ్’ అనీ, కింద ‘వరల్డ్ వితౌట్ ఎండ్’ అనీ రాయించి, మధ్యలో స్తుతిలోని ఆ ‘ఇప్పుడు’ పట్టేంత జాగా వదిలేయమనేవాణ్ణి.